మడ పాయల్లో వేట: అపోహలు – వాస్తవాలు

కాకినాడకు దక్షిణాన, గౌతమి గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి మడ అడవులున్నాయి. గాడేరు, కోరంగి పాయల్లోకి, వాటి నుంచి చీలిన సన్న కాలువల్లోకి రోజుకు రెండుసార్లు పోటు ఎక్కుతుంది, రెండుసార్లు పాటు దిగుతుంది. ఇక్కడి వేట గురించి ఒడ్డున వినిపించే మాటలన్నీ నిజం కావు.

అపోహ: నీరు నిండుగా ఉంటేనే చేప పడుతుంది.

వాస్తవం: పోటు నిండినప్పుడు రొయ్యలు, చిన్న చేపలు మడ వేళ్ల మధ్యకు చెదిరిపోతాయి. అక్కడ వల ఆడదు. పాటు మొదలైతే నీటితో పాటు అవీ కాలువలోకి దిగక తప్పదు. వాటి కోసం పండుగప్ప కాలువ మూతి దగ్గరే మాటు వేస్తుంది. కర్రలు పాతి కాలువకు అడ్డంగా వల కట్టేవాళ్లు నమ్ముకునేది కూడా ఈ దిగే నీటినే.

అపోహ: నిన్న ఆరింటికి పడ్డాయి కాబట్టి ఇవాళా ఆరింటికే పడతాయి.

వాస్తవం: పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ ఉదయం 6 గంటలకు నిండిన పాయ వారం తర్వాత అదే వేళకు అడుగు బురద చూపిస్తుంది. నీటి ఎక్కుదిగుళ్లు అమావాస్య, పున్నమిల చుట్టూ ఎక్కువ, అష్టమి ప్రాంతంలో తక్కువ.

అపోహ: బురద నీళ్లలో చేపలుండవు.

వాస్తవం: ఆ బురద నీరే చేప, రొయ్య పిల్లలకు మరుగు. టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో, దాని పిల్లలు పెరిగేది ఇలాంటి పాయల్లో.

అపోహ: పున్నమికి మండపీతలన్నీ గుల్లే.

వాస్తవం: మాంసం సంగతి తేల్చేది పీత పెంకు విడిచి ఎన్నాళ్లయిందన్నదే. కొత్త పెంకు పీతలో నీళ్లే ఎక్కువ. అందుకే కొనేవాళ్లు పీతను తిరగేసి, కాళ్ల మొదట్లో బొటనవేలితో నొక్కి చూస్తారు. అక్కడ మెత్తగా లొంగితే ధర పడిపోతుంది. అలాంటివాటిని కొందరు చెరువుల్లో వేసి, కొన్ని వారాలు మేపి, పెంకు గట్టిపడ్డాక అమ్ముతారు. ఒకే రోజు పట్టిన బుట్టలో గుల్లవీ ఉంటాయి, నిండువీ ఉంటాయి.

అపోహ: బాగా పెద్ద పండుగప్ప ముసలిది, పట్టేసినా నష్టం లేదు.

వాస్తవం: పండుగప్పల్లో చాలావరకు మొదట మగవిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడవిగా మారతాయి. అంటే భారీ చేప దాదాపు ఎప్పుడూ ఆడదే. నది మొగల దగ్గరి ఉప్పునీటిలో లక్షల కొద్దీ గుడ్లు పెట్టేది అదే. పెద్దవాటినే ఏరి పడితే ముందు తగ్గేది ఆ గుడ్లు.