కోట్‌పల్లి నర్సు విదేశం వైపు ఎందుకు చూస్తుంది?

కోట్‌పల్లి మండలంలో ఒక దళిత అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పాసైందనుకుందాం. పని కోసం ఇటు వికారాబాద్ పోవాలి, అటు తాండూరు పోవాలి. అక్కడ సర్కారు పోస్టు దొరక్కపోతే హైదరాబాద్‌లో ప్రైవేటు ఆస్పత్రే దిక్కు. ఆ తర్వాత ఇంట్లో సౌదీ, జర్మనీ, బ్రిటన్ మాటలు మొదలవుతాయి. దీన్ని డబ్బు మీద ఆశ అని కొట్టిపారేస్తారు. కానీ ఆ ఆలోచన పుట్టేది మన ఆస్పత్రుల్లోనే.

మొదటి కారణం జీతం. ప్రైవేటు నర్సుల జీతాలపై సుప్రీంకోర్టు 2016 జనవరి 29న ఇచ్చిన ఆదేశంతో కేంద్రం కమిటీ వేసింది. 50 పడకల లోపు ఆస్పత్రిలోనైనా నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని, 200 పడకలు దాటితే సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. కానీ అది సిఫారసు మాత్రమే. రాష్ట్రం నిబంధన చేసి, తనిఖీ చేస్తేనే ఆ డబ్బు నర్సు చేతికొస్తుంది.

రెండోది కొలువు. సర్కారు ఉద్యోగంలో రిజర్వేషన్ ఉంది, ప్రైవేటులో లేదు. అందుకే నోటిఫికేషన్ ఆలస్యమైతే దళిత నర్సుకు దెబ్బ ఎక్కువ. తెలంగాణలో 2022 డిసెంబర్‌లో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. తర్వాత పోస్టులు పెంచి, 6,956 మందికి నియామక పత్రాలు ఇచ్చేసరికి 2024 జనవరి 31 అయింది. ఆ ఏడాది పైకాలం ఇల్లు ఎట్లా గడవాలి?

మూడోది మర్యాద. పరాయి ఒంటిని తాకడం, మలమూత్రాలు ఎత్తడం మైల పని అని కుల సమాజం దూరం పెట్టింది. మిషన్ ఆస్పత్రుల కాలం నుంచి ఆ పనిని భుజానికెత్తుకున్న వాళ్లలో దళిత క్రైస్తవ మహిళలు చాలామంది. 2020 మార్చి 22న దేశం చప్పట్లు కొట్టింది. చప్పట్లతో పని గంటలు తగ్గవు.

అయితే వెళ్లాలనుకున్న అందరూ వెళ్లలేరు. జర్మనీలో నర్సుగా గుర్తింపు కావాలంటే సాధారణంగా జర్మన్ భాష బీ2 స్థాయి దాకా నేర్చుకోవాలి. బ్రిటన్‌కు ఐఈఎల్‌టీఎస్ రాస్తే రైటింగ్‌లో 6.5, మిగతా మూడింటిలో 7 రావాలి. దానికి నెలల తరబడి కోచింగ్, ఫీజులు. తాకట్టుకు భూమి ఉన్న ఇల్లు తట్టుకుంటుంది, లేని ఇల్లు వడ్డీకి తెస్తుంది. రాష్ట్రంలోని అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల దాకా ఇస్తుంది, కానీ అది విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదువుల కోసం. ఉద్యోగానికి పోయే నర్సుకు అది అందదు. ఈ సందులోకే ఏజెంట్ వస్తాడు. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగల రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, జీఎస్టీ అదనం. అంతకు మించి అడిగితే అది చట్టవిరుద్ధం. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులను విదేశాలకు పంపుతోంది.

కాబట్టి మన డిమాండ్లు రెండు వైపులా ఉండాలి. ఉండేవాళ్లకు 2016 సిఫారసుల ప్రకారం జీతం, ఏటా నోటిఫికేషన్, ప్రైవేటు ఆస్పత్రుల్లో రిజర్వేషన్. వెళ్లేవాళ్లకు ఎస్సీ కార్పొరేషన్ ద్వారా ఉచిత భాషా శిక్షణ, పరీక్ష ఫీజులు. ఉండాలా వెళ్లాలా అన్నది అప్పు కాకుండా ఆమే తేల్చుకోగలగాలి.