వాగ్గేయకారుడు బాలమురళీకృష్ణ

శ్రీశైలము వద్ద నిలిచిన కృష్ణాజలములు పోతిరెడ్డిపాడు తూముల గుండ బయలుదేఱి, బానకచర్ల దాటి, నంద్యాల జిల్లాలోని వెలుగోడు జలాశయమును చేరును. నల్లమల కొండల అంచున కొంత విశ్రమించి, తెలుగుగంగ కాలువ వెంట దక్షిణముగా సాగి, బ్రహ్మంసాగరము, సోమశిల, కండలేరు మీదుగా తుదకు చెన్నపట్టణపు దాహము తీర్చును. గట్టు కట్టి నిలువ చేసిన నీరే అంత దూరము నడువగలుగును. గట్టు లేని నీరు వరదయై పల్లమునకు పోవును. కళలకు కూడ ఈ మాట చెల్లును. కృష్ణాతీరమున సంగీతము నభ్యసించి, చెన్నపట్టణమున స్థిరపడి, లోకమంతట పేరు గాంచిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి జీవితము దీనికి మంచి నిదర్శనము. క్రొత్త రాగములు కల్పించిన సాహసిగా వారిని పలువు రెఱుగుదురు. ఆ సాహసము ఎంతటి కట్టుబాటు నుండి పుట్టినదో ఆలోచించువారు తక్కువ.

బాలమురళీకృష్ణగారు 1930 జూలై 6వ తేదీన, నేటి కోనసీమ జిల్లాలోని శంకరగుప్తమున జన్మించిరి. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువు, వయొలిను, వీణ నేర్చిన సంగీతజ్ఞులు. తల్లి సూర్యకాంతమ్మగారు వైణికురాలు. బిడ్డ పొత్తిళ్ళలో నుండగనే ఆమె కన్నుమూసిరి. తల్లి వీణ వినుటకు నోచుకొనని ఆ బాలుని తండ్రి పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారికి అప్పగించిరి. పంతులుగారు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారి శిష్యులు. శాస్త్రిగారు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారి శిష్యులు. వేంకటసుబ్బయ్యగారు సాక్షాత్తు త్యాగరాజస్వామి శిష్యులు. కావేరీతీరమున పుట్టిన తెలుగు కృతి గురువు నోట, శిష్యుని నోట నడచి కృష్ణాతీరమునకు వచ్చిన దారి ఇది.

ఎనిమిదేండ్ల ప్రాయమున, విజయవాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవమున, మురళీకృష్ణ తొలి కచేరి చేసెను. ఆ పాట విని ముగ్ధులైన హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు అతని పేరునకు ముందు "బాల" అను మాట చేర్చిరి. ఎనుబది యేండ్లు దాటినను ఆ మాట వారిని విడువలేదు. కచేరీలు పెరిగినకొలది బడి చదువు సన్నగిల్లి చిన్ననాటనే నిలిచిపోయెను. ఇది విని విద్యార్థులు తొందరపడరాదు. ఆ బాలుడు బడి మానెనే కాని చదువు మానలేదు. అతడు చదివిన చదువెట్టిదో కొంచెము చూతము.

కర్ణాటక సంగీతమున మేళకర్త రాగములు 72. పదునేడవ శతాబ్దమున వేంకటమఖి కట్టిన లెక్క దీనికి పునాది. షడ్జమ పంచమములు కదలవు. మధ్యమములు 2. ఋషభ గాంధారముల కూర్పులు 6. ధైవత నిషాదముల కూర్పులు 6. ఆఱును ఆఱుతో గుణించిన 36. రెండు మధ్యమములతో 72. రాగము పేరులోని మొదటి రెండక్షరములను కటపయాది సూత్రము చొప్పున అంకెలుగా మార్చి త్రిప్పి చదివిన, దాని వరుస సంఖ్య తెలియును. "ధీరశంకరాభరణము"న ధకారమునకు 9, రకారమునకు 2, త్రిప్పిన 29. లెక్క ఇంత తేట. ఆచరణ మాత్రము కష్టము. 72లో 40 మేళములు వివాది స్వరములు గలవి. గొంతున నిలుపుట దుస్సాధ్యమని పెద్ద విద్వాంసులు కూడ వానిని తప్పించుకొని పోవుట కలదు.

బాలమురళి ఏ ఒక్కదానిని తప్పించుకొనలేదు. పదునైదేండ్ల ప్రాయమునకే 72 మేళములను వశపఱచుకొని, వానిలో కృతులు రచింప పూనుకొనెను. మాట, పాట తానే కూర్చువానిని వాగ్గేయకారుడందురు. ఆ కృతులు 1952లో "జనకరాగమంజరి" అను పేర గ్రంథముగా వెలువడెను. తరువాతి కాలమున అవి "రాగాంగ రావళి" అను పేర 9 భాగములుగా ధ్వనిముద్రితమైనవి. ముందు పొలిమేఱ అంతయు కాలినడకను తిరిగి చూచి, పిదప పొలిమేఱను గుఱించి మాటాడిన వారాయన.

అటుపిమ్మట వచ్చినవి క్రొత్త రాగములు. జన్యరాగమునకు అయిదు స్వరములైన ఉండవలెనని సామాన్య నియమము. బాలమురళి "మహతి"ని నాలుగు స్వరములతో కల్పించిరి: షడ్జమము, గాంధారము, పంచమము, నిషాదము. "లవంగి"కి కూడ నాలుగే. "సర్వశ్రీ" మొదలగు వానికి మూడే. తాళములందును త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి అను క్రొత్త పద్ధతి చూపిరి.

విద్వాంసులలో కొందఱు దీనిని తీవ్రముగా ఆక్షేపించిరి. స్వరముల మెట్లు మాత్రమే రాగము కాదు, తరతరముల సంచారముల వలన దానికొక రూపు రావలెను, మూడు స్వరములలో ఆ సంచారమునకు తావెక్కడ అని వారి ప్రశ్న. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. దీనికి జవాబు వాదమున కాదు, వాడుకలోనే దొరకవలెను. నారదుని వీణ పేరు దాల్చిన మహతి ఆ పరీక్షకు నిలిచినది. దానిని చిత్రసంగీత దర్శకులు ఎం.ఎస్. విశ్వనాథన్‌గారు 1975 నాటి "అపూర్వ రాగంగళ్" అను తమిళ చిత్రమున వాడిరి. మూడు స్వరముల రాగములు మాత్రము నేటికిని అరుదుగానే వినబడును. కాలము కొన్నిటిని నిలుపును, కొన్నిటిని విడుచును. ప్రయోగము చేయువానికి ఈ తీర్పు తప్పదు.

వారి ప్రజ్ఞ ఒక్క దారిన పోలేదు. గాత్రముతో పాటు వయొలిను, వయోలా, మృదంగము, కంజిర వాయించిరి. తెలుగు, సంస్కృతము, కన్నడము, తమిళములలో 400కు పైగా రచనలు చేసిరి. బృందావని, కదనకుతూహల రాగములలోని వారి తిల్లానాలను నర్తకులు నేటికిని ఆడుచున్నారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రమున భక్తిరంజనిని తీర్చిదిద్ది, సభలు లేని పల్లెలకు కూడ రామదాసు కీర్తనలను, సదాశివబ్రహ్మేంద్రుల కృతులను ప్రాతఃకాలమున వినిపించిరి. "నర్తనశాల" (1963)లో బృహన్నలకు గొంతునిచ్చిరి. "భక్తప్రహ్లాద" (1967)లో స్వయముగా నారదుడైరి. కన్నడ చిత్రములగు "హంసగీతె"లో గానమునకును, "మధ్వాచార్య"లో సంగీత దర్శకత్వమునకును జాతీయ పురస్కారములు పొందిరి. భీమసేన్ జోషి వంటి హిందుస్థానీ విద్వాంసులతో కలసి జుగల్‌బందీలు చేసిరి. 1978లో సంగీతకళానిధి, 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రెంచి ప్రభుత్వపు షెవాలియే బిరుదు వారిని వరించినవి. 2016 నవంబరు 22వ తేదీన చెన్నైలో దివంగతులైరి.

వీనిలో ఉపాధ్యాయులకు మిక్కిలి ప్రియమగు విషయ మొకటి మిగిలినది. బడి చదువు పూర్తికాని ఆ బాలుడే పెద్దవాడై, విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాలయ్యెను. పట్టము లేని పండితుడు పట్టములిచ్చు చోట కూర్చుండెను. ఆ అర్హత ఎక్కడిది? పారుపల్లివారి ముంగిట కూర్చుండి చేసిన సాధనది. 72 మేళములలో ఒక్కదానిని కూడ విడువని పట్టుదలది.

నేటి విద్యార్థికి క్రొత్తదనముపై మోజు మెండు, అభ్యాసముపై ఓర్పు కొంచెము. వ్యాకరణము బంధనమని, ఛందస్సు సంకెల యని తొందరపడువారు కలరు. ఇక నియమమే విద్య యని, ప్రశ్నించిన పిల్లవానిని కసరు గురువులును లేకపోలేదు. బాలమురళి జీవితము ఈ ఇరువురికిని పాఠమే. నియమమును పూర్తిగా నేర్వనివాడు దానిని దాటలేడు. నేర్చినవానిని దాటనీయని గురువు విద్యను మడుగు చేయును. వెలుగోడు గట్టు నీటిని ఆపునది. తూము తెఱచిన, ఆ నీటినే దూరదేశములకు పంపునది. గట్టు, తూము రెండును కలిగిన చోటనే చదువు పైరై పండును.