పడవలో పడకగది

మోటారు పడవలను విక్రయించువారి ప్రకటనలలో "నలుగురికి పడకలు", "ఆరుగురికి పడకలు" అను మాటలు పెద్ద యక్షరములలో కానవచ్చును గాని, ఆ పడకలలో తెల్లవారువరకు సుఖముగా నిద్రింపగలవారెందరో, అర్ధరాత్రమున లేవవలసివచ్చినవాడు ఎందరిని దాటుకొని పోవలయునో ఆ ప్రకటనలు చెప్పవు. పాతిక ముప్పది అడుగుల పడవ విషయమున ఆ సంఖ్యను సగము చేసి చదువుకొనుట మేలని నా యభిప్రాయము.

ఈ యిరుకునకు మూలము వెడల్పు. ఆ వెడల్పును పడవ పోవలసిన త్రోవయే నిర్ణయించును. అమెరికాలో ప్రత్యేకానుమతి లేకుండ రహదారిపై బండి మీద లాగుకొనిపోవలెనన్న పడవ వెడల్పు 8 అడుగుల 6 అంగుళములు మించరాదు. ఇంగ్లండులో జేమ్స్ బ్రిండ్లీ కాలమున, 18వ శతాబ్దిలో త్రవ్విన సన్నకాలువల లాకులు సుమారు 7 అడుగుల వెడల్పువి గనుక, వానియందు తిరుగు పడవ 6 అడుగుల 10 అంగుళములతో సరిపెట్టుకొనవలసినదే.

చిన్న పడవలలో మొదటి పడక అణియమున నుండును. రెండు పరుపులు తలలవైపు ఎడముగా, కాళ్లవైపు కలిసిపోవునట్లు అమరియుండగా, నడుమ పలకయు మెత్తయు వేసినచో అది దంపతుల పడక యగును. భుజములకు కావలసినంత చోటున్నను నాలుగు పాదములు మాత్రము ఒక్క మూలలో పెనగులాడుచుండును. లంగరు వేసి నిలిచిన రాత్రి, అలలు తగులు చప్పుడు పలక కావలినుండి వినవచ్చుచుండును. అయినను పగలు పరుపు చుట్టనక్కరలేకుండుటయు, పైమూత తెరచినంతనే గాలి వచ్చుటయు దీని సుగుణములు.

భోజనపు బల్లను క్రిందికి దించి, ఇరువైపుల ఆసనముల నడుమ నానించి, వీపుదిండ్లను దానిపై పరచి చేయు పడక ప్రకటనలోని సంఖ్యను పెంచుటకే యెక్కువగా నుపయోగించును. దిండ్ల అతుకులెక్కడ నున్నవో కంటికంటె నడుమునకే బాగుగా తెలియును. ఆ పడకలోనివారు లేచి, దుప్పట్లు మడిచి, బల్లను పైకెత్తినగాని మిగిలినవారికి కాఫీ త్రాగుటకు కూర్చుండ చోటుండదు. పిల్లలకు మాత్రమిది వేడుకయే.

చుక్కాని పట్టువాని పాదముల క్రింద, అమరము వైపు దూర్చిన పడక మరియొక విధము. ఇందు పడవ వెడల్పంతయు పడకకే దక్కును గాని, లేచి కూర్చుండబోయినచో నుదురు కప్పునకు తగులును. ఇంజను చేరువ కావున, వాసన లేని కార్బన్ మోనాక్సైడును కనిపెట్టి మ్రోగు గంట ఇట్టి పడకయొద్ద తప్పక యుండవలెను.

సన్నకాలువలపై సరకులు మోసిన పూర్వపు పడవలలో, అమరమునందలి సుమారు 10 అడుగుల గదిలోనే, పొయ్యితోడను పిల్లలతోడను కుటుంబమంతయు కాపురముండెడిది. రాత్రి కాగానే బీరువా తలుపును అడ్డముగా దించినచో అదియే పడక. నేటి విహారపు పడవలలోను కొందరు ఈ యడ్డుపడకను పెట్టించుకొందురు గాని, లోపలి వెడల్పు ఆరడుగులకు అటునిటుగా మాత్రమే యుండుటచే పొడగరులు మోకాళ్లు ముడుచుకొనవలసివచ్చును. నిలువుపడకలో 4 అడుగుల పరుపు పోగా ప్రక్కను రెండడుగుల నడవ మిగులును. పొడవునకు కొదువలేని యా పడవలో నాకు నచ్చునది ఇదియే.

కొనదలచినవారు పడవ రేవులో నుండగనే, సిగ్గుపడక, ఇరువురును చెప్పులు విడిచి పడకపై పరుండవలెను. ఆపై లోపలివారు లేచి వెలుపలికి పోయి మరల వచ్చి చూడవలెను. కాళ్లవైపు వెడల్పును టేపుతో కొలుచుట ఆ తరువాతి పని.