మోటారు సైకిలు ఇంజను చప్పుళ్ళు: చెవితో లోపమును గుర్తించు విధానము

(ఒక వ్యవసాయాధికారి, బి.యస్‌సి. వ్యవసాయము)

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల సేద్యములో నేడు మోటారు సైకిలుకు అరకతో సమానమైన స్థానము కలదు. తెల్లవారుజామున పాలు కేంద్రమునకు చేరవలెనన్నను, 45 కిలోల యూరియా బస్తా పొలము గట్టుకు తేవలెనన్నను, కేసముద్రం, జనగామ మార్కెట్లలో ధర విచారించి రావలెనన్నను రైతు దీనినే నమ్ముకొనుచున్నాడు. నాట్లు, పత్తితీత, మిరప ఏరుట ముమ్మరముగా సాగు రోజులలో బండి ఒక్క పూట నిలిచిపోయినను పని వెనుకబడును.

ఎడ్లబండి ఇరుసు కిర్రుమన్నచో రైతు వెంటనే బండి ఆపి కందెన వేసెడివాడు. ఎద్దు నడకలో తేడాను చూచి గిట్టలో ముల్లు దిగినదని పట్టుకొనెడివాడు. అదే చెవి, అదే శ్రద్ధ మోటారు సైకిలు విషయములోను అవసరము. చిన్న బండ్లలో చాలవానికి ఇంజను ఆయిల్ తగ్గినదని హెచ్చరించు దీపము లేదు. ఆ హెచ్చరిక మొదట చప్పుడు రూపముననే వచ్చును. దానిని విన్నవానికి ఖర్చు కొన్ని వందల రూపాయలతో తీరును. విననివాడు బోరు, పిస్టన్, క్రాంకు మార్చుకొని వేల రూపాయలు చెల్లించవలసి వచ్చును.

సహజమైన చప్పుళ్ళు

ప్రతి చప్పుడును చూచి భయపడ పనిలేదు. చలి ఉదయమున స్టార్టు చేసిన కొద్ది నిమిషములు ఇంజను కొంచెము గరుకుగా పలుకుట సహజము. బండి ఆపిన తరువాత సైలెన్సరు చల్లారుచు టింగు టింగుమనుటయు లోపము కాదు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 నిబంధనలు అమలులోనికి వచ్చిన పిదప తయారైన బండ్లలో ఎక్కువ వానికి కార్బురేటరు లేదు. పెట్రోలును ఇంజెక్టరు చిమ్మును. ఇట్టి బండ్లలో తాళము తిప్పగానే పెట్రోలు పంపు కొన్ని క్షణములు గుయ్యిమనుట, ఇంజెక్టరు సన్నగా టిక్కుటిక్కుమనుట మామూలే.

బండి బాగున్న రోజుననే దాని చప్పుడు ఎట్లున్నదో విని గుర్తుంచుకొనవలెను. అది తెలిసినవానికే తేడా తెలియును.

చప్పుడు ఎచ్చటిదో తేల్చుకొనుట

కొత్త చప్పుడు వినిపించినచో ఈ క్రింది పరీక్షలు వరుసగా చేయవలెను. ఇంజనును ఆరుబయటనే నడపవలెను. మూసిన కొట్టములో దాని పొగ ప్రాణాంతకము.

1. బండిని పెద్ద స్టాండు మీద నిలిపి, న్యూట్రలులో ఉంచి, యాక్సిలరేటరు కొంచెము కొంచెముగా ఇవ్వవలెను. నిలిచియున్నప్పుడు కూడ చప్పుడు వచ్చి, ఇంజను వేగముతో పెరిగినచో లోపము ఇంజనులో ఉన్నట్లు. బండి కదిలినప్పుడే వచ్చినచో చైను, చక్రపు బేరింగు, బ్రేకు పరీక్షించవలెను.

2. ఇంజను తిరుగుచుండగా క్లచ్చు నొక్కి వదలవలెను. అప్పుడు చప్పుడు మారినచో క్లచ్చును గాని గేరుపెట్టెను గాని అనుమానించవలెను.

3. నంబరు ప్లేటు, లెగ్ గార్డు, చీర గార్డు, సైలెన్సరు మీది రేకు నట్లు వదులైనను ఇంజను పాడైనట్లే మోగును. ఇంజను ఆపి, చల్లారిన తరువాత ఒక్కొక్కదానిని చేతితో కదిపి చూచి బిగించవలెను. పెద్ద జబ్బు అనుకొన్నది ఒక్కొక్కసారి ఇచ్చటనే తీరిపోవును.

4. పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజను పైభాగమున ఒకసారి, క్రింది భాగమున ఒకసారి ఆనించి, పిడిని చెవి వద్ద పెట్టుకొని వినవలెను. వైద్యుని గొట్టము వలె ఇది చప్పుడు ఎచ్చట గట్టిగా ఉన్నదో తెలుపును. కండువా, వదులు చేతులు చైను దగ్గరకు పోనీయరాదు. గాలితో చల్లబడు ఇంజనును కదలకుండ నిలిపి ఎక్కువసేపు రేసు చేసినచో వేడెక్కును. కావున పరీక్షను త్వరగా ముగించవలెను.

చప్పుళ్ళు, వాని కారణములు

*టిక్‌టిక్‌మను సన్నని చప్పుడు:* ఇది ఇంజను తలభాగము నుండి వచ్చినచో సాధారణముగా టాపెట్ సందు పెరిగినట్లు. నిలకడ మీద చిన్న ఇంజను నిమిషమునకు సుమారు 1,400 చుట్లు తిరుగును. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి మాత్రమే వాల్వు తెరచుకొనును. కావున టాపెట్ చప్పుడు ఇంజను పరుగులో సగము వేగముతో వినిపించును. ఆ సందు మిల్లీమీటరులో పదవ వంతు ప్రాంతమున ఉండును; సరియైన కొలత బండితో ఇచ్చిన పుస్తకములో ఉండును. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజీతో సరిచేయించవలెను. చప్పుడు బొత్తిగా వినపడరాదని ఎక్కువ బిగించుట తప్పు. అప్పుడు వాల్వు పూర్తిగా మూసికొనదు. బండి లాగుడు తగ్గి, వాల్వు కాలిపోవును.

*గరగరమను చప్పుడు:* ఇంజను ఒక ప్రక్క నుండి, గొలుసు డబ్బాలో ఆడినట్లు వినిపించినచో టైమింగు చైను సాగియుండును, లేదా దానిని బిగించు టెన్షనరు పనిచేయుటలేదు. దీనిని నెలల తరబడి వదలినచో చైను పండ్లు తప్పి లోపలి భాగములు దెబ్బతినును.

*గులకరాళ్ళ చప్పుడు:* బరువుతో మిట్ట ఎక్కునప్పుడు, పై గేరులో నెమ్మదిగా లాగునప్పుడు ఇది వచ్చును. రెండు బస్తాల యూరియా అనగా 90 కిలోలు. ఆ బరువుతో నాలుగవ గేరులో చెరువు కట్ట ఎక్కించినచో పెట్రోలు లోపల సక్రమముగా మండక పిస్టనును కొట్టును. వెంటనే గేరు తగ్గించవలెను. అయినను పోనిచో ఇంజను వేడి, లోపల పేరిన మసి, కల్తీ పెట్రోలు కారణము కావచ్చును. పెట్రోలులో కిరసనాయిలు కలిపినచో ఈ చప్పుడు తప్పదు.

*లోతైన టకటక:* ఇది రెండు విధములు. చల్లగా ఉన్నప్పుడు వచ్చి, వేడెక్కిన పిదప తగ్గినచో పిస్టనుకు, బోరుకు మధ్య అరుగుదల ఉన్నట్లు. పొగ నీలముగా వచ్చుచున్నచో రింగులు కూడ అరిగినట్లు. ఇంజను క్రింది భాగము నుండి సుత్తితో కొట్టినట్లు ప్రతి చుట్టుకు వచ్చి, యాక్సిలరేటరు ఇచ్చిన కొలది ఎక్కువైనచో అది కనెక్టింగు రాడ్డు బేరింగు చప్పుడు. ఇది అన్నింటికంటె ప్రమాదకరమైనది.

*ఫట్ ఫట్:* సైలెన్సరు గొట్టము ఇంజనును కలియుచోట పొగ తన్నుచున్నచో అచ్చటి వాషరు మార్చవలెను. యాక్సిలరేటరు వదలినప్పుడు సైలెన్సరులో పేలినట్లు వినిపించుటకు కూడ ఈ సందు కారణము కావచ్చును.

*టప టప, కరకర:* నడుచునప్పుడు వెనుక నుండి వచ్చినచో చైను వదులైనట్లు, లేదా బురద, ఇసుక పట్టినట్లు. దమ్ము చేసిన మళ్ళ ప్రక్కన తిరిగిన బండికి ఇది తరచుగా వచ్చును. చైను ఊడి చక్రములో ఇరుక్కొన్నచో బండి ఒక్కసారిగా నిలిచి మనిషి పడిపోవును.

వెంటనే ఆపవలసిన సందర్భములు

లోతైన టకటక మొదలైనప్పుడు, హఠాత్తుగా ఇనుము ఇనుముతో రాసికొనినట్లు వినిపించినప్పుడు, లాగుడు తగ్గి ఇంజను మూలుగునప్పుడు ఇంటి వరకు పోదమనుకొనరాదు. నేర్పుగా ప్రక్కకు తీసికొని ఇంజను ఆపవలెను. నడుచుచుండగానే ఇంజను పట్టివేసినచో వెనుక చక్రము బిగిసిపోవును. 163వ నంబరు జాతీయ రహదారి మీద లారీల నడుమ అట్లు జరిగినచో ప్రాణమునకే ముప్పు. చేతి క్లచ్చు గల బండ్లను నడుపువారు అప్పుడు వెంటనే క్లచ్చు నొక్కవలెను. ఇంజను చల్లారిన తరువాత ఆయిల్ చూడవలెను. ఆయిల్ పోసినంత మాత్రమున చప్పుడు తగ్గినను, మెకానికుకు చూపకుండ బరువు వేయరాదు.

నివారణ

ఆయిల్ తగ్గినప్పుడు దానికి దూరముగా ఉండు ఇంజను తలభాగమే ముందుగా ఎండును. అందుచేత టాపెట్లు కొట్టుకొనుచున్నవని తోచినప్పుడు స్క్రూ త్రిప్పుటకు ముందు ఆయిల్ మట్టము చూడవలెను. బండిని చదునైన నేల మీద నిటారుగా నిలిపి చూచినప్పుడే మట్టము సరిగా తెలియును. వారమునకు ఒకసారి చూచు అలవాటు మంచిది.

మహబూబాబాద్ చెలకల ఎర్రదుమ్ము, భూపాలపల్లిలో బొగ్గు లారీలు తిరుగు రోడ్ల నల్లదుమ్ము గాలి ఫిల్టరును త్వరగా పూడ్చును. ఫిల్టరు చిరిగినచో ఆ దుమ్ము నేరుగా బోరులోనికి పోయి రింగులను ఆకురాయి వలె అరుగదీయును. ఇట్టి దారులలో తిరుగువారు పుస్తకములో చెప్పిన గడువుకు ముందే ఫిల్టరును, ఆయిలును చూపించుకొనవలెను. తీసివేసిన ఆయిలును కాలువలోను, పొలములోను పోయరాదు.

మెకానికు వద్దకు పోయినప్పుడు "చప్పుడు వచ్చుచున్నది" అని ఊరకొనక, ఎప్పటి నుండి వచ్చుచున్నది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కిన తరువాతనా, బరువుతోనా ఒంటరిగానా, నిలిచినప్పుడా నడుచునప్పుడా అను నాలుగు సంగతులు చెప్పవలెను. అప్పుడు అనవసరముగా ఇంజను విప్పవలసిన పని తగ్గును.

గ్రామములో చేయదగినది

వ్యవసాయ విస్తరణాధికారులు, గ్రామాధికారులు సీజనుకు ముందు ఒక పూట రైతువేదిక వద్ద అనుభవము గల మెకానికును పిలిపించి, బాగున్న బండిని, లోపము గల బండిని ప్రక్కప్రక్కన నడిపించి రైతులకు వినిపించినచో ఎంతో మేలు కలుగును. చప్పుడును మాటలతో చెప్పుటకంటె చెవితో వినిపించుట సులభము. పవర్ స్ప్రేయరు, గడ్డి కోయు యంత్రము మొదలైన పెట్రోలు ఇంజనులకు కూడ ఈ పరిజ్ఞానము చాలవరకు ఉపయోగించును.

పైరుకు తెగులు సోకినప్పుడు మొదటి మచ్చ నాడే మందు కొట్టిన రైతుకు ఖర్చు తక్కువ, ఫలితము ఎక్కువ. ఇంజను చప్పుడు కూడ అట్టి మొదటి మచ్చయే.