‘ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంక్‌లో జాబ్’ అంటున్నారా... ఏ వైపు?

హైదరాబాద్‌లో ఎవరైనా ‘ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంక్‌లో జాబ్ వచ్చింది’ అంటే, కంగ్రాట్స్ చెప్పాక నేను అడిగే మొదటి ప్రశ్న ‘ఏ వైపు?’ అని. చాలామంది తెల్లమొహం వేస్తారు. వాళ్ల తప్పేం లేదు. గోల్డ్‌మన్ శాక్స్, జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో... పెద్ద పేర్లన్నీ ఇక్కడే ఉన్నాయి. కానీ అక్కడ మనవాళ్లలో ఎక్కువమంది చేసేది బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాయడం, రిస్క్ లెక్కలు చూడడం, ఆపరేషన్స్ నడపడం. మంచి ఉద్యోగాలే. అయితే ‘టెక్నాలజీ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్’ వేరే సంగతి. అక్కడ మనం కోడ్ రాయం. కోడ్ రాసే కంపెనీలను అమ్మిపెడతాం, వాటికి పెట్టుబడి తెచ్చిపెడతాం.

నేను గుంటూరులో సీఏ చదివి, ముంబయిలో ఒక బ్యాంకు టెక్నాలజీ టీమ్‌లో మూడేళ్లు అనలిస్టుగా చేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫైనాన్స్ టీమ్‌లో ఉన్నా. తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇన్‌స్టాలో తెగ అడుగుతున్నారు... జీతమెంత, ఎలా వెళ్లాలి, వెళ్తే లైఫ్ ఉంటుందా అని. ఒక్కొక్కటీ చెబుతా.

పెళ్లిళ్ల పేరయ్య పనే!

మా అమ్మమ్మకు నా ఉద్యోగం గురించి ఎంత చెప్పినా అర్థం కాలేదు. చివరికి ‘కంపెనీలకు పెళ్లిళ్ల పేరయ్యను’ అన్నాక ‘అట్లా చెప్పొచ్చు కదా’ అంది. నిజంగా పని అదే. 2018లో ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటాను వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లకు కొంది. ఫణీంద్ర సామ మిత్రులతో కలిసి పెట్టిన రెడ్‌బస్‌ను 2013లో ఐబిబో కొనుక్కుంది. ఇలాంటి పెద్ద డీల్స్‌లో ఎవరు కొనొచ్చో వెతకడం, రేటు తేల్చడం, రెండు వైపులా ఒప్పించడం, లాయర్ల కాగితాలు పూర్తయ్యేదాకా వెంటపడడం బ్యాంకర్ల పని. ఐపీవో అయితే కంపెనీని ఇన్వెస్టర్ల ముందు నిలబెట్టాలి. దీనికి డీల్ విలువలో కొంత శాతం ఫీజు. వెయ్యి కోట్ల డీల్‌లో ఒక్క శాతమన్నా 10 కోట్లు. జీతాలూ బోనస్‌లూ ఆ డబ్బులోంచే.

లాభమే లేని కంపెనీకి రేటెంత?

టెక్ టీమ్‌కు అసలు పరీక్ష ఇక్కడే. సిమెంట్ ఫ్యాక్టరీకి లాభం ఉంటుంది, స్థలం ఉంటుంది, మెషిన్లు ఉంటాయి. లెక్క కట్టడం కాస్త తేలిక. నష్టాల్లో ఉన్న యాప్‌కు రేటెలా కడతారు?

పాడిగేదెను బరువు చూసి కొనం కదా. పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుంది, ఇంకా ఎన్ని ఈతలు ఈనుతుంది అని చూస్తాం. సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా అంతే. ఏటా ఖాయంగా వచ్చే సబ్‌స్క్రిప్షన్ ఆదాయం ఎంత? వందమంది కస్టమర్లలో వచ్చే ఏడాది ఎంతమంది మిగులుతారు? కొత్త కస్టమర్‌ను తేవడానికి ఎంత ఖర్చవుతోంది? వీటిని బట్టి, ఇలాంటి వేరే కంపెనీలు ఎంతకు అమ్ముడయ్యాయో చూసి, ఓ రేంజ్ చెబుతారు. ‘రూల్ ఆఫ్ 40’ అని ఓ కొండగుర్తు కూడా ఉంది. ఆదాయం పెరిగే శాతం, లాభాల శాతం కలిపితే 40 దాటాలి. దాటితే కంపెనీ ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క.

ఇన్ని లెక్కలు వేసినా మార్కెట్ మాట వేరుగా ఉండొచ్చు. 2021 జులైలో జొమాటో 9,375 కోట్ల ఐపీవోకు వచ్చింది. షేరు 76 రూపాయలు. లిస్టింగ్ రోజే 60 శాతానికి పైగా పెరిగింది. అదే ఏడాది నవంబర్‌లో పేటీఎం 18,300 కోట్ల ఐపీవోతో వచ్చింది. షేరు 2,150. మొదటి రోజే 27 శాతం పడింది! మధ్యలో గ్యాప్ నాలుగు నెలలే. ఏడాది తిరిగేసరికి జొమాటో కూడా ఇష్యూ ధర కిందికి జారింది, ఆ తర్వాత మళ్లీ ఎన్నో రెట్లు పెరిగింది. ఆ రేట్లు నమ్మి డబ్బు పెట్టినవాళ్లలో మామూలు జీతగాళ్లూ ఉన్నారు. ఎక్సెల్‌లో మనం మార్చే ఒక్క అంకె వెనక వాళ్లు ఉంటారన్న సంగతి మర్చిపోకూడదు.

రాత్రి ఒంటిగంటకు ‘ప్లీజ్ ఫిక్స్’

ఇక పని గంటల సంగతి. పగలంతా కాల్స్, మీటింగ్‌లు. రాత్రి 9 దాటాక పైవాళ్లు తీరిగ్గా కూర్చుని మన 60 పేజీల ప్రజెంటేషన్ చూస్తారు. ఒంటిగంటకు మెయిల్ వస్తుంది... ‘ప్లీజ్ ఫిక్స్’ అని. పొద్దున 9కి క్లయింట్ మీటింగ్. ఇక నిద్ర సంగతి మీరే ఊహించుకోండి.

ఇది మన దేశంలోనే కాదు. 2021లో అమెరికాలో గోల్డ్‌మన్ శాక్స్‌లో 13 మంది తొలి ఏడాది అనలిస్టులు చేసుకున్న సర్వే బయటికొచ్చింది. వాళ్లు వారానికి సగటున 95 గంటలు పనిచేశామన్నారు. 2024లో జేపీ మోర్గాన్ జూనియర్లకు చాలా సందర్భాల్లో వారానికి 80 గంటల పరిమితి పెట్టింది. 80 అంటే ఆరు రోజులు, రోజుకు 13 గంటలకు పైనే. అది కూడా పరిమితి పెట్టాక!

నిద్ర పోవడం కంటే డీల్ పోవడం ఎక్కువ బాధ. మా టీమ్ ఏడు నెలలు పనిచేసిన ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మకం 2022లో, అమెరికా టెక్ షేర్లు పడుతున్నప్పుడు, పదిహేను నిమిషాల కాల్‌తో ఆగిపోయింది. కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. పెద్ద ఫీజు డీల్ పూర్తయితేనే వస్తుంది. కాబట్టి ఆ ఏడాది బోనస్‌లు బాగా తగ్గాయి. బోనస్‌తో ఎంబీఏ లోన్ తీర్చేద్దామనుకున్న నా పక్క సీటు స్నేహితుడికి ఇంకో ఏడాది ఈఎంఐలు మిగిలాయి. వాడి పనిలో ఏ లోపమూ లేదు. ఈ రంగంలో మన కష్టం ఒక్కటే మన ఆదాయాన్ని నిర్ణయించదు.

నిచ్చెన ఎటు పోతుంది?

అనలిస్టు, అసోసియేట్, వైస్ ప్రెసిడెంట్, డైరెక్టర్, మేనేజింగ్ డైరెక్టర్... మెట్లు ఇవీ. కింద రెండు మెట్లలో ఎక్సెల్ వస్తే చాలు. పైకెళ్లేకొద్దీ ‘మీ ఫోన్ ఏ ఫౌండర్ ఎత్తుతాడు?’ అనేదే లెక్క. ఆ పరిచయాలు పెంచుకోవడం ఇష్టం లేనివాళ్లు మధ్యలో దిగిపోతారు. దిగడం ఓటమేం కాదు. ప్రైవేట్ ఈక్విటీ, వెంచర్ క్యాపిటల్, పెద్ద కంపెనీల్లో కొనుగోళ్లు చూసే టీమ్‌లు, స్టార్టప్‌ల ఫైనాన్స్... ఈ తలుపులన్నీ తెరుచుకుంటాయి. నేను అలా వచ్చినవాడినే.

జీతం? న్యూయార్క్ పెద్ద బ్యాంకుల్లో 2021 పెంపు తర్వాత తొలి ఏడాది అనలిస్టు మూలవేతనం లక్ష డాలర్లు, ఆపైన. బోనస్ వేరే. మన దగ్గర బ్యాంకును బట్టి చాలా తేడా ఉంటుంది. ఎంతైనా సరే, దాన్ని పని గంటలతో భాగించి చూడండి. అప్పుడు ఐటీలో ఉన్న ఫ్రెండ్ జీతంతో పోల్చుకోండి.

ఏఐ సంగతీ అడుగుతున్నారు. కంపెనీల డేటా తీసి టేబుల్‌లో పెట్టడం, స్లైడ్లు సరిచేయడం లాంటి పనులను ఏఐ చాలావరకు చేసేస్తుంది. జూనియర్లు పని నేర్చుకునేది వాటితోనే కాబట్టి అది ఆలోచించాల్సిన విషయమే. అమ్మేవాడి భయాన్నీ కొనేవాడి అనుమానాన్నీ పట్టుకునే పని మాత్రం ఇప్పటికీ మనుషులదే.

వెళ్లాలనుకుంటే...

మన దేశంలో ఎక్కువగా సీఏలు, పేరున్న బీ-స్కూల్స్ ఎంబీఏలు వెళ్తారు. బీటెక్ తర్వాత సీఎఫ్ఏ చేసి వెళ్లేవాళ్లూ ఉన్నారు. సీట్లు మాత్రం తక్కువ. అమెరికాలో అయితే డిగ్రీ రెండో ఏడాదిలోనే ఇంటర్న్‌షిప్ వేట మొదలవుతుంది. ఎంఎస్‌కు వెళ్లాక చూద్దాంలే అంటే కష్టం.

రూపాయి ఖర్చు లేకుండా ఒక పని చేయండి. ఐపీవోకు వచ్చే కంపెనీల ప్రాస్పెక్టస్‌లు సెబీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీరు రోజూ వాడే యాప్ ఒకటి తీసుకుని, దాని ప్రాస్పెక్టస్ చదివి, ఆ కంపెనీకి మీరైతే ఎంత రేటు కడతారో, ఎందుకో రెండు పేజీల్లో రాయండి. రాస్తూ టైమ్ మర్చిపోయారా... ఈ రంగం మీకు నచ్చుతుంది. పదో పేజీలోనే నిద్రొచ్చిందా... జీతం చూసి వెళ్లకండి.

ఆఫర్ వచ్చినవాళ్లు సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. నా పని నేరుగా క్లయింట్‌కు వెళ్తుందా, ఇంకో దేశంలోని టీమ్‌కు వెళ్తుందా? ఈ టీమ్ గత ఏడాది ఎన్ని డీల్స్ పూర్తి చేసింది? ఇక్కడ రెండేళ్లు చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? మూడో ప్రశ్నకు వాళ్లిచ్చే జవాబు కాస్త జాగ్రత్తగా వినండి. రెండేళ్ల తర్వాత మీరు ఎక్కడుంటారో అందులోనే తెలుస్తుంది.