లెక్కల పుస్తకంలో కనిపించే బిడ్డ
(రేడియో ప్రసంగ పాఠం)



వేసవి సెలవులు వచ్చాయంటే బి.కాం., ఎం.బి.ఏ. చదివే మన పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం వెదుకుతారు. అంటే నెలో, రెండు నెలలో ఒక సంస్థలో ఉండి, పుస్తకంలో చదివినదాన్ని పనిలో పెట్టి నేర్చుకోవడం. చాలామంది హైదరాబాదు వైపు చూస్తారు. మంచిదే. కాని మన విచారణ బడి ఆఫీసు గదిలో కూడా ఆ పని నేర్చుకోవచ్చును. “బడి నడపడం సేవ కదా ఫాదర్, అందులో వ్యాపార విద్యకు చోటెక్కడిది?” అని కొందరు అడుగుతారు. ఈనాడు ఆ ప్రశ్నను గూర్చి ధ్యానించుకొందాం.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పారు (లూకా 14:28). యెరూషలేము పేదలకోసం చందా పోగుచేసిన పౌలుగారు, ఆ సొమ్ము విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా జాగ్రత్త పడ్డారు (2 కొరింతీ 8:20-21). 1983 నాటి లత్తీను శ్రీసభ చట్టం 1284వ నిబంధన కూడా శ్రీసభ ఆస్తులు చూసేవారు జమాఖర్చులు సక్రమంగా రాయాలని ఆదేశిస్తుంది. పనివారికి న్యాయమైన జీతం ఇవ్వాలని 1286వ నిబంధన చెబుతుంది. కాబట్టి లెక్క రాయడం విశ్వాసానికి బయటి పని కాదు. ఉక్కు కార్మికుల పట్టణమైన జంషెడ్‌పూర్‌లో యేసు సభ గురువులు 1949లోనే ఎక్స్.ఎల్.ఆర్.ఐ. అనే సంస్థను స్థాపించారు. నేటికీ దేశంలో పేరున్న మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలలో అది ఒకటి.

మన ఆదిలాబాదు మేత్రాసనం 1999లో చాందా మేత్రాసనం నుండి ఏర్పడింది. తొలి మేత్రాణులు జోసెఫ్ కున్నత్ గారు సి.ఎం.ఐ. సభకు చెందినవారు. ఆ సభ స్థాపకులలో ఒకరైన పునీత కురియాకోస్ ఏలియాస్ చవర గారు (1805-1871) కేరళలోని మాన్నానంలో 1846లో సంస్కృత పాఠశాల తెరిచారు. ప్రతి దేవాలయం పక్కన ఒక బడి ఉండాలని 1864లో ఆదేశించారు. పేద పిల్లలు ఆకలితో బడి మానకుండా మధ్యాహ్న భోజనం పెట్టించారు. అందుకు ఆయన చూపిన దారి పిడికెడు బియ్యం. ఇంట్లో వంటకు బియ్యం తీసేటప్పుడు తల్లి ఒక పిడికెడు పక్కన పెడుతుంది. అవన్నీ కలిపితే పిల్లలకు అన్నమవుతుంది. 2014లో పోపు ఫ్రాన్సిస్ గారు ఆయనను పునీతునిగా ప్రకటించారు.

ఇప్పుడు మన బడికి వద్దాం. మన ఊళ్లో ఒక ఇంట్లో పర్మనెంటు ఉద్యోగి ఉంటాడు. పక్క వీధిలో కాంట్రాక్టు కార్మికుడు ఉంటాడు. జీతాల్లో తేడా మీకు తెలుసు. పరీక్షల వేళకు బాకీల జాబితా బయటకు వస్తుంది. కొన్నిచోట్ల ఆ పేర్లను తరగతిలో అందరిముందూ చదువుతారు. ఆ రోజునుండి ఆ బిడ్డ తల వంచుకొని నడుస్తుంది. ఫీజు వసూలు కాకపోతే టీచరమ్మకు జీతం అందదు, అదీ నిజమే. మరి ఏం చేయాలి?

ఇక్కడే కామర్స్ విద్యార్థి పనికివస్తాడు. ఒక ఉదాహరణ అనుకొందాం. బడిలో 300 మంది పిల్లలు, సంవత్సరం ఖర్చు 30 లక్షలు. అంటే ఒక్కొక్కరికి 10,000 రూపాయలు. 20 మంది ఏమీ కట్టలేరు. లోటు 2,00,000. లెక్క వేయనంతకాలం అది పెద్ద కొండలా భయపెడుతుంది. విచారణలో 200 కుటుంబాలు రోజుకు మూడేసి రూపాయలు తీసిపెడితే ఏడాదికి 2,19,000 అవుతుంది. ఇది చవర గారి పిడికెడు బియ్యమే. జాలి అందరికీ ఉంది, కాని ఎంత కావాలో తెలియకపోతే ఆ జాలి దారి కనుక్కోలేదు.

కాబట్టి ఆ విద్యార్థి సెలవుల్లో నాలుగు పనులు నేర్చుకోవాలి. ప్రతి సాయంత్రం నగదు పుస్తకంలోని నిలువ, పెట్టెలోని డబ్బు సరిపోయాయో లేదో చూడాలి. బ్యాంకు పాసు పుస్తకంతో లెక్కను సరిచూడాలి. పేద పిల్లలకని ఇచ్చిన విరాళాన్ని వేరే ఖాతాలో రాయాలి, దాన్ని గోడల సున్నానికి వాడకూడదు. నాలుగవది, బాకీ జాబితాలో ప్రతి పేరు వెనుక కారణం తెలుసుకొని హెడ్‌మాస్టరు గారికి మాత్రమే చెప్పాలి. కట్టగలిగీ కట్టనివారు ఎవరో, కట్టలేనివారు ఎవరో అప్పుడు తెలుస్తుంది.

భూగర్భ గనిలో పనిచేసిన పెద్దలకు లాంప్ రూం సంగతి తెలుసు. దిగేవారు దీపం తీసుకొంటారు, షిఫ్టు దిగి పైకి వచ్చాక అప్పగిస్తారు. ఒక దీపం తిరిగి రాలేదంటే ఎవరూ “ఒక దీపం తక్కువ” అని రాసి ఊరుకోరు. “మనిషి లోపలున్నాడు” అని వెదుకుతారు. బడి లెక్కలో ఖాళీగా ఉన్న గడి కూడా అటువంటిదే. అక్కడ ఒక బిడ్డ ఉంది.

తల్లిదండ్రులారా, మీ అబ్బాయో అమ్మాయో వేసవిలో బడి లెక్కలు చూస్తానంటే వద్దనకండి. విచారణ పెద్దలారా, ఆ పిల్లలకు పుస్తకాలు తెరిచి చూపండి. దాచవలసింది లేని ఇల్లు తలుపు తీయడానికి భయపడదు.

ప్రార్థించుకొందాం. పేరు పేరునా మమ్ము ఎరిగిన ప్రభువా, మా లెక్కలలో నిజాయితీని, మా నిజాయితీలో దయను నింపండి. మా బడి గడప దగ్గర ఏ బిడ్డా తల వంచుకొని నిలబడకుండా కాపాడండి. ఆమెన్.