ఏక్యూఐ గ్రీన్‌లో ఉంటే సేఫేనా? మీరు నిజంగా పీల్చే గాలిని కొలవడం ఎలా?

పొద్దున్నే లేవగానే మా నాన్న చేసే మొదటి పని ఫోన్‌లో ఏక్యూఐ చూడటం. ఆయనకి ఆస్తమా ఉంది. గ్రీన్ కనిపిస్తే షూ వేసుకుని వాకింగ్‌కి వెళ్తారు, లేదంటే పేపర్ తీసుకుని కూర్చుంటారు. కానీ ఈ చలికాలం గ్రీన్ ఉన్న రోజుల్లో కూడా తెల్లవారుజామున దగ్గు ఆగలేదు. "ఫోన్‌లో పచ్చగానే ఉంది కదరా, మరి ఈ దగ్గేంటి?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. అందుకే ఒక పోర్టబుల్ పీఎం 2.5 మానిటర్ కొని, వారం పాటు ఆయన ఎక్కడుంటే అక్కడ పెట్టాం. అందులో ఏం తేలిందో చెప్పే ముందు, ఈ నంబర్ల వెనక ఏముందో చూద్దాం.

ఫోన్‌లో నంబర్ ఎక్కడి నుంచి వస్తుంది?

మీ ఫోన్‌లో గాలిని కొలిచే సెన్సర్ ఏమీ లేదు ఫ్రెండ్స్. యాప్‌లో కనిపించేది దగ్గర్లోని మానిటరింగ్ స్టేషన్ల డేటా, లేదా శాటిలైట్, వాతావరణ డేటాతో మోడల్ వేసిన అంచనా. హైదరాబాద్‌లో అయితే జూ పార్క్, సనత్‌నగర్ లాంటి చోట్ల ఈ స్టేషన్లు ఉన్నాయి. వీటిలో చాలావరకు వాడే పద్ధతి బీటా అటెన్యుయేషన్. గాలిని ఒక ఫిల్టర్ టేప్ గుండా లాగి, దాని మీద చేరిన దుమ్ము బీటా కిరణాలను ఎంత అడ్డుకుంటోందో చూసి బరువు లెక్కిస్తారు. నమ్మదగిన కొలతే, కానీ అది ఆ స్టేషన్ దగ్గరి గాలి. మీ బెడ్‌రూమ్ గాలి కాదు.

ఇంకో చిక్కు ఉంది. మన దేశపు ఏక్యూఐలో పీఎం 2.5ని 24 గంటల సగటుతో లెక్కిస్తారు. అంటే ఇప్పుడు కనిపిస్తున్న నంబర్‌లో నిన్నటి గాలి కూడా కలిసే ఉంటుంది. పైగా స్కేల్ ఒక్కో దేశానిది ఒక్కోలా ఉంటుంది. క్యూబిక్ మీటర్‌కి 60 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉంటే మన స్కేల్‌లో ఏక్యూఐ 100, అంటే "సంతృప్తికరం". అదే గాలికి అమెరికా స్కేల్‌లో దాదాపు 154, అంటే "అనారోగ్యకరం". రెండు యాప్స్ రెండు నంబర్లు చూపించడానికి ఇదొక ముఖ్యమైన కారణం. అందుకే ఏక్యూఐ బదులు మైక్రోగ్రాముల విలువ చూడటం అలవాటు చేసుకోండి. 24 గంటల సగటుకి మన దేశ పరిమితి 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 15.

ఈ చిన్న కణాలతో అంత ప్రమాదమా?

పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు. మన వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. ముక్కు, గొంతు దాటి ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా వెళ్లిపోతాయి. ఆస్తమా పెరగడం దగ్గర్నుంచి గుండెపోటు, స్ట్రోక్ వరకు వీటితో సంబంధం ఉంది. బయటి వాయు కాలుష్యం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లో ప్రకటించింది.

1993లో వచ్చిన హార్వర్డ్ ఆరు నగరాల అధ్యయనం ఈ రంగంలో ఒక మైలురాయి. 8 వేల మందికి పైగా అమెరికన్లను ఏళ్ల తరబడి గమనిస్తే, అత్యంత కలుషిత నగరంలో మరణాల రేటు అత్యంత శుభ్రమైన నగరం కంటే 26 శాతం ఎక్కువని తేలింది. సిగరెట్ అలవాటు లాంటి తేడాలను సరిచేశాక వచ్చిన లెక్క ఇది. అక్కడ కాలుష్యాన్ని కొలిచింది కూడా నగరంలో పెట్టిన స్టేషన్లతోనే. ఊరిని ఊరితో పోల్చడానికి అది సరిపోయింది. కానీ ఒక మనిషి రోజంతా ఏం పీల్చాడో తెలియాలంటే అది చాలదు.

ఎక్స్‌పోజర్ లెక్క ఇదీ

సూత్రం సింపుల్. ఒక్కో చోట గాలిలో ఉన్న పీఎం 2.5ని అక్కడ గడిపిన గంటలతో గుణించి, అన్నీ కూడి, 24తో భాగించాలి.

ఒక ఉదాహరణ, సులువుగా అర్థం కావడానికి నేను వేసుకున్న నంబర్లతో:
- బెడ్‌రూమ్‌లో 8 గంటలు, 150 చొప్పున: 1200
- వాకింగ్ 1 గంట, 60 చొప్పున: 60
- మిగతా 15 గంటలు, 40 చొప్పున: 600

మొత్తం 1860, సగటు 77.5. ఇందులో వాకింగ్ వాటా 3 శాతం, బెడ్‌రూమ్ వాటా దాదాపు 65 శాతం! నడిచేటప్పుడు ఊపిరి మూడు రెట్లు ఎక్కువ తీసుకుంటామనుకున్నా, 60 కాస్తా 180 అవుతుంది. అయినా బెడ్‌రూమ్ దరిదాపుల్లోకి రాదు.

గ్యాడ్జెట్‌ని ఎంత నమ్మాలి?

ఇళ్లలో వాడే మానిటర్లలో చిన్న ఫ్యాన్, లేజర్, ఫోటోడయోడ్ ఉంటాయి. కణాల మీద పడి చెదిరిన కాంతిని చూసి బరువుని అంచనా వేస్తాయి. నేరుగా తూకం వేయవు. గాలిలో తేమ ఎక్కువైతే కణాలు నీటిని పీల్చి ఉబ్బుతాయి, రీడింగ్ కూడా పెరిగిపోతుంది. పర్పుల్ఎయిర్ సెన్సర్ల కోసం అమెరికా పర్యావరణ సంస్థ ఇచ్చిన కరెక్షన్ ఫార్ములాలో, 60 శాతం తేమ దగ్గర రీడింగ్ 100 ఉంటే సరిచేసిన విలువ 53 మాత్రమే. ఆ ఫార్ములా అక్కడి గాలికి తయారైంది, మనకి అలాగే పెట్టేసుకోకూడదు. కానీ తేడా ఎంత ఉండొచ్చో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకో విషయం, సుమారు 0.3 మైక్రాన్ల కంటే చిన్న కణాలను ఈ లేజర్లు సరిగా చూడలేవు. వాహనాల పొగలో అలాంటివి బోలెడు. గ్యాస్ స్టవ్ నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ అసలు కనిపించదు.

కొనేవాళ్లు ఇవి చూసుకోండి:
- స్పెక్స్‌లో లేజర్ పీఎం సెన్సర్ అని స్పష్టంగా ఉండాలి.
- కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలంటే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ఉన్నదే తీసుకోండి. చౌక మోడల్స్ చాలావరకు వేరే వాయువులను చూసి ఆ నంబర్‌ని ఊహిస్తాయి.
- డేటాని ఫైల్‌గా డౌన్‌లోడ్ చేసుకునే ఆప్షన్ ఉండాలి. స్క్రీన్ మీది నంబర్‌తో సగటు లెక్క కుదరదు.
- ముక్కు ఎత్తులో, గోడకి, ఏసీ గాలికి దూరంగా పెట్టండి. పక్కనే ఒక డైరీలో ఎప్పుడు ఏం చేశారో రాసుకోండి.

మా ఇంట్లో ఏం తేలింది?

డైరీ, గ్రాఫ్ పక్కపక్కన పెట్టి చూశాం. వాకింగ్ టైంలో చిన్న గుట్ట. పూజ గదిలో అగరబత్తి, వంటింట్లో పోపు దగ్గర పొడుగాటి ముళ్లు, కానీ కాసేపటికే దిగిపోయాయి. రాత్రి పదింటికి మొదలైన గీత మాత్రం పైకెళ్లి తెల్లారేదాకా దిగలేదు. చలికని కిటికీలు మూసేసి, మంచం కింద దోమల కాయిల్ వెలిగించి పడుకుంటున్నారు నాన్న. దాని సంగతి ఏ యాప్‌కి తెలుస్తుంది?

కాయిల్ తీసేసి దోమతెర కట్టాం. మర్నాటి రాత్రి గ్రాఫ్ దాదాపు ఫ్లాట్. పై ఉదాహరణలోనూ బెడ్‌రూమ్‌ని 150 నుంచి 40కి దించితే రోజు సగటు 77.5 నుంచి 41కి వస్తుంది. నాన్న దగ్గు కూడా తగ్గింది, కానీ ఒక మనిషి, ఒక వారంతో ఏదీ రుజువైపోదు. ఇన్హేలర్ విషయం డాక్టర్‌తోనే మాట్లాడాలి, గ్యాడ్జెట్ చూసి మార్చకూడదు.

మీరు మానిటర్ కొనకపోయినా పర్లేదు. ఈ రోజు మీరు ఏ గదిలో ఎన్ని గంటలు గడిపారు, అక్కడ ఏం కాలింది, కిటికీ తెరిచి ఉందా? ఈ మూడూ ఒక కాగితం మీద రాసి చూడండి. నాన్న ఇప్పటికీ పొద్దున్నే ఏక్యూఐ చూస్తున్నారు. కాకపోతే ముందు బెడ్‌రూమ్ కిటికీ తెరుస్తున్నారు.